మీకు తెలుసా? చందానగర్ చుట్టూ మబ్బుల చదువు

చందానగర్‌లో ఏ ఇంటికెళ్లి "పిల్లలేం చదువుతున్నారండీ?" అని అడిగినా ముందు వినపడే జవాబు "సీఎస్ఈ". మా అమ్మాయి మబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తోందని చెప్పే ఇల్లు అరుదు. చెప్పినా, అవతలివాళ్లు వెంటనే వేసే ప్రశ్న "మరి ఉద్యోగం?" అనే. ఆ చదువుకు కావలసిన సరంజామా మాత్రం మన చుట్టూనే ఉంది. లింగంపల్లి దాటితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ప్రగతినగర్ వైపు ఇన్‌కాయిస్, పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్, అదే ముంబయి రోడ్డు పట్టుకుని ఇంకా ముందుకు పోతే కందిలో ఐఐటీ. ఈసారి ముచ్చట్లన్నీ ఆ చదువు గురించే.

చలికి మన పేటే ముందు

డిసెంబరు, జనవరిల్లో టీవీ కింద పరుగెత్తే అక్షరాలు గమనించండి. నగరంలో బాగా చలి నమోదైన చోట్లలో హెచ్‌సీయూ, బీహెచ్ఈఎల్, పటాన్‌చెరు పేర్లు తరచూ కనిపిస్తాయి. చందానగర్ వాటి ఇరుగుపొరుగే.

పగలంతా ఎండను తాగిన కాంక్రీటు రాత్రంతా ఆ వేడిని మెల్లగా కక్కుతుంది. చెట్లు, బండలు, ఖాళీ నేల ఉన్నచోట అలా కాదు. మబ్బులేని రాత్రి నేలలోని వేడి నేరుగా ఆకాశంలోకి వెళ్లిపోతుంది. నేలను తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, కిందే కూర్చుంటుంది. దాని పైన వెచ్చటి గాలి మూతపెట్టినట్టు నిలుస్తుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు. జనవరి తెల్లవారుజామున హైవే మీద లారీల పొగ పైకి లేవకుండా దుప్పటిలా పరుచుకునేది అందుకే. ఒకే నగరంలో ఒక పేట వేడిగా, పక్క పేట చల్లగా ఉండే ఈ తీరుకు 'అర్బన్ హీట్ ఐలాండ్' అని పేరు. ప్రపంచమంతటా ఎన్నో థీసిస్‌లు దాని మీద వచ్చాయి.

వానకు రోజు ఎనిమిదిన్నరకు తెల్లవారుతుంది

మనకు తేదీ మారేది అర్ధరాత్రి. పంచాంగానికి సూర్యోదయంతో. వాన లెక్కకు మాత్రం ఉదయం 8.30కి! "గత 24 గంటల్లో ఇన్ని సెంటీమీటర్లు" అని వాతావరణ శాఖ చెప్పే అంకె, నిన్న ఉదయం 8.30 నుంచి నేటి ఉదయం 8.30 దాకా కురిసిన వానది. ప్రపంచమంతా వాడే ప్రామాణిక కాలమానంలో అప్పుడు సమయం సరిగ్గా తెల్లవారుజాము 3 గంటలు. కొత్తగా చేరిన స్కాలర్లు ఈ సంగతి మరిచిపోయి ఉపగ్రహం లెక్కనూ, వానమాపకం లెక్కనూ పక్కపక్కన పెడితే రెండూ కలవవు. గైడు నవ్వి, ముందు గడియారం సరిచూసుకోమంటారు.

'ఒకటి రెండు చోట్ల' అనేది మాటవరసకు కాదు

"తెలంగాణలో ఒకటి రెండు చోట్ల వర్షాలు" అన్న మాట వింటే, తప్పించుకోవడానికి అన్నదేమో అనిపిస్తుంది. దాని వెనక లెక్కుంది. ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో 25 శాతానికి మించని చోట్ల వాన పడుతుందనుకుంటే 'ఒకటి రెండు చోట్ల'. సగం దాకా అయితే 'కొన్నిచోట్ల'. 51 నుంచి 75 శాతం దాకా 'అనేకచోట్ల'. అంతకు మించితే 'దాదాపు అన్నిచోట్లా'.

'భారీ'కి కూడా కొలత ఉంది. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు తాకితేనే భారీ వర్షం. 115.6 నుంచి అతి భారీ. 204.5 తాకితే అత్యంత భారీ. ఈసారి ఎవరైనా "నిన్న భారీ వాన" అంటే, ఎన్ని మిల్లీమీటర్లని అడగండి.

రెండొందల గజాల్లో ఎన్ని ట్యాంకర్లు?

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. రెండొందల గజాల ప్లాటంటే దాదాపు 167 చదరపు మీటర్లు. ఏడాదికి 80 సెంటీమీటర్ల వాన పడిందనుకుంటే ఆ ప్లాటు మీద పడ్డ నీళ్లు సుమారు 1,33,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై ఆరు నిండి, ఇంకా మిగులుతాయి.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజు లెక్క 24 సెంటీమీటర్లు. అలాంటి వాన మీ ప్లాటు మీద పడితే ఒక్కరోజులో ఎనిమిది ట్యాంకర్లు. ఆగస్టులో ఊరికే వచ్చిన ఆ నీళ్లను గంగారం చెరువు వైపు తోలేసి, ఏప్రిల్‌లో ఫోన్ చేసి మరీ డబ్బులిచ్చి తెప్పించుకుంటాం.

మబ్బు బరువెంత?

దూదిపింజలా తేలే మబ్బుకు బరువుంటుందంటే నమ్మబుద్ధి కాదు. పొడవూ వెడల్పూ ఎత్తూ తలా ఒక కిలోమీటరు ఉన్న మామూలు మబ్బులో నీళ్లు సుమారు 500 టన్నులు. పది టన్నుల లారీలైతే యాభై! మరి కింద పడదేం? ఆ నీళ్లన్నీ కంటికి ఆనని తుంపరలుగా విడిపోయి ఉంటాయి. వాటికి కింద పడే వేగం ఎంత తక్కువంటే, నేల నుంచి లేచే వెచ్చటి గాలి వాటిని అలా పట్టుకునే ఉంచుతుంది.

ఆ తుంపర పుట్టాలన్నా గాలిలో ఒక ధూళి రేణువు కావాలి. ధూళి మరీ ఎక్కువైతే ఉన్న నీరే ఎక్కువమందికి పంచినట్టు చుక్కలు చిన్నవైపోతాయి, వానగా కలిసి పడటం ఆలస్యమవుతుంది. ధూళికీ వానకూ ఉన్న ఈ తగువు తేల్చడానికే పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) శాస్త్రవేత్తలు 2009లో కైపీక్స్ అనే ప్రయోగం మొదలుపెట్టి, విమానాన్ని నేరుగా మబ్బుల్లోకి నడిపారు. అది దిగి, ఎగిరిన స్థావరాల్లో మన హైదరాబాద్ ఒకటి.

సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు

హైదరాబాద్ నుంచి ఎటు చూసినా కడలి వందల కిలోమీటర్ల దూరం. అయినా దేశమంతటికీ సునామీ హెచ్చరిక వెళ్లేది ప్రగతినగర్ దగ్గరున్న ఇన్‌కాయిస్ నుంచే. 1999లో పెట్టిన సంస్థ. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అక్కడ హెచ్చరిక కేంద్రం కట్టి, 2007 అక్టోబరు నుంచి నడుపుతున్నారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు ఈ కబురు పంపే మూడు దేశాల్లో ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో పాటు మనమూ ఉన్నాం. సముద్రం పైపొర వేడినీ రంగునూ ఉపగ్రహంతో చూసి, చేపలు ఎక్కడ గుమిగూడతాయో మత్స్యకారులకు చెప్పేదీ ఈ ఆఫీసే.

వానల చదువుకు సముద్రంతో ఏం పనంటారా? సముద్రం పైనున్న రెండున్నర మీటర్ల నీళ్లు దాచుకోగల వేడి, మొత్తం గాలి దాచుకోగల వేడితో సమానం. అందుకే మబ్బుల విద్యార్థి ముందు నీళ్లలోకి తొంగిచూడాలి. ఆ తొంగిచూసే పని ఆర్గో తేలుడు యంత్రాలు చేస్తాయి. ప్రపంచ సముద్రాల్లో సుమారు నాలుగు వేలున్నాయి. ఒక్కోటి రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకొచ్చి, తాను కొలిచింది ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతుంది. ఆ లెక్కలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

అచ్చం అలాగే, కానీ అది కాదు

పసిఫిక్ మహాసముద్రం తూర్పు కొస వేడెక్కితే ఎల్ నినో అంటారని పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. తూర్పు కాకుండా నడిమధ్యన వేడెక్కి, రెండు కొసలూ చల్లగా ఉంటే? దానికి జపాన్ మాటతో 'ఎల్ నినో మోడోకి' అని పేరు పెట్టారు. మోడోకి అంటే అచ్చం అలాగే కనిపిస్తుంది, కానీ అది కాదు. మన భాషలో వేలువిడిచిన చుట్టం అనుకోండి.

ఆ పేరుతో 2007లో వచ్చిన పరిశోధనా పత్రానికి మొదటి రచయిత కారుమూరి అశోక్. సహరచయితల్లో సూర్యచంద్రరావు కూడా ఉన్నారు. జపాన్ శాస్త్రవేత్త తోషియో యమగతా బృందంతో కలిసి చేసిన పని అది. తర్వాత అశోక్ మన హెచ్‌సీయూలోని భూమి, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రంలో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పారు. 2004లో దేశంలో వానలు బాగా తగ్గాయి. ఆ ఏడాది పసిఫిక్‌లో ఉన్నది ఈ మోడోకియే.

ఎల్ నినో వస్తే కరువేనా?

కాదు. 1997లో ఆ శతాబ్దానికే పేరుమోసిన ఎల్ నినో వచ్చింది. మన దేశంలో మాత్రం వానలు సాధారణం కంటే పిసరు ఎక్కువే పడ్డాయి. ఆ ఏడాది హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి మనకు కొమ్ముకాసింది. ఆ తూర్పు పడమర తూగుకు 'ఇండియన్ ఓషన్ డైపోల్' అని 1999లో పేరు పెట్టారు.

2009ది ఇంకో కథ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశంలో 22 శాతం లోటు. కరువని తేలిపోయింది. సెప్టెంబరు వెళ్లి అక్టోబరు వచ్చిందో లేదో, తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలును ముంచేశాయి. కరువూ వరదా ఒకే సంవత్సరంలో, రెండు మూడు రోజుల తేడాతో. సీజన్ మొత్తానికి ఒకే అంకె చెబితే రైతుకు ఎందుకు చాలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

వాతావరణం చదవని వాతావరణ శాఖాధిపతి

1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్‌కు ఆ శాస్త్రంలో చదువు లేదు. కేంబ్రిడ్జి గణితంలో మొదటి ర్యాంకు మనిషి. గాల్లో విసిరితే తిరిగొచ్చే బూమరాంగ్ మీద మోజు. 1899 కరువు తర్వాత, వానలను ముందే చెప్పగలమా అన్నది ఆయన ముందున్న ప్రశ్న. ఎందుకు పడుతుందో తెలియకపోతే, దేనితో పాటు పడుతుందో చూద్దామనుకున్నారు. గుమస్తాల చేత ప్రపంచం నలుమూలల పీడనం, వేడి, వాన లెక్కలు జోడీలు కట్టించారు. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గడం, అటు తగ్గితే ఇటు పెరగడం అలా బయటపడింది. ఆ ఉయ్యాలకు 'సదరన్ ఆసిలేషన్' అని పేరు పెట్టారు. అది ఎల్ నినోకు తోబుట్టువని 1960ల్లో గానీ తేలలేదు.

లెక్కలు, ఫిజిక్స్ చదివినవాళ్లకు ఈ చదువులో చోటుందా అని అడిగేవాళ్లకు వాకరే జవాబు.

కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి

జులైలో డాబా ఎక్కితే గాలి పడమటి నుంచి కొడుతుంది. అదే చోట నిట్టనిలువునా పద్నాలుగు కిలోమీటర్లు పైకి పోగలిగితే గాలి తూర్పు నుంచి, అదీ నదిలా పరుగులు తీస్తూ కొడుతుంది. వేసవిలో టిబెట్ పీఠభూమి వేడెక్కడం దీనికి ముఖ్య కారణం. దక్షిణ భారతం మీదుగా సాగే ఈ గాలి నదిని 'తూర్పు జెట్' అంటారు. దాని గురించి 1958లో రాసి లోకానికి చెప్పినవారు పంచేటి కోటేశ్వరం. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. మనం తడుస్తూ నిలబడ్డ రుతుపవనానికి ఇలా రెండంతస్తులుంటాయి, పై అంతస్తు బలం తగ్గినా పెరిగినా కింది అంతస్తులో తెలుస్తుంది.

కార్తెలు కూడా జరుగుతున్నాయి

రోహిణిలో రోళ్లు పగలడం, మృగశిరలో చేపలు తినడం మనకు పెద్దలు చెప్పిన వాతావరణ శాస్త్రం. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర రావడం, తొలకరి పలకరించడం దాదాపు ఒకేసారి జరుగుతాయి. అయితే కార్తె నడిచేది నక్షత్రాన్ని బట్టి, రుతువు నడిచేది భూమి ఒంపును బట్టి. ఈ రెండు రకాల సంవత్సరాల నిడివికీ మధ్య సుమారు 20 నిమిషాల తేడా ఉంది. అది పోగుపడి 70 ఏళ్లకు ఒక రోజు, వెయ్యేళ్లకు రెండు వారాలు అవుతుంది. అంటే ఒక కార్తె మొత్తం.

నన్నయ కాలంలో మృగశిర ఇప్పటికంటే దాదాపు రెండు వారాలు ముందు, ఇంకా ఎండలు మండుతుండగానే వచ్చి ఉండాలి. తొలకరి అప్పుడు ఏ కార్తెలో పడేదో, రైతు నోటి మాట ఎప్పుడెప్పుడు సర్దుకుందో వెతికి రాస్తే అదొక మంచి థీసిస్. వాతావరణమూ, తెలుగూ రెండూ తెలిసినవాళ్లు కావాలి, అంతే.

బేగంపేట నుంచి రోజూ రెండు బెలూన్లు

ఉదయం 5.30, సాయంత్రం 5.30. ఈ రెండు వేళల లెక్క కోసం బేగంపేట నుంచి వాతావరణ శాఖ బెలూన్ లేస్తుంది. దాని కింద అరచేతిలో పట్టేంత పెట్టె. వేడి, తేమ, పీడనం కొలుస్తూ కబురు పంపుతూ పోతుంది. పైకి పోయేకొద్దీ బెలూన్ ఉబ్బి ఉబ్బి, ముప్పై కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో టప్పున పేలిపోతుంది. ఆ వేళలే ఎందుకు? లండన్ వైపు అర్ధరాత్రి, మధ్యాహ్నం పన్నెండు అయ్యేది అప్పుడే. ప్రపంచంలోని వందలాది కేంద్రాలు అదే సమయానికి బెలూన్లు వదులుతాయి. యుద్ధాలు చేసుకునే దేశాలు కూడా పంచుకునే లెక్క ఇదొక్కటేనేమో!

పొలంలో పడ్డ 'గ్రహాంతర' పెట్టె

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల దగ్గర పొలంలో పెద్ద తెల్లటి గుండ్రటి పెట్టె దిగింది. ఊరు ఊరంతా ఎగబడింది. గ్రహాంతరవాసులన్నారు కొందరు. తీరాచూస్తే అది మన హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన ప్రయోగ పెట్టె. బెలూన్‌లో మనుషులను ఎత్తుకు తీసుకెళ్లాలనుకుంటున్న ఓ స్పెయిన్ సంస్థది.

ఈసీఐఎల్ దగ్గరి ఈ కేంద్రం దశాబ్దాలుగా భారీ బెలూన్లు తయారుచేసి ఎగరేస్తోంది. 2005లో ఎగిరిన ఒకటి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టి తెచ్చింది. అందులో కొత్త సూక్ష్మజీవులు మూడు దొరికాయి. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు, మరొకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. వాటిని పరీక్షించిన ప్రయోగశాలల్లో హబ్సిగూడ సీసీఎంబీ ఒకటి.

ఆకాశంలో అటక

వానాకాలంలో ఆసియా మీద, పదమూడు నుంచి పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తున, సన్నటి కాలుష్యపు పొర ఒకటి పరుచుకుంటుందని ఉపగ్రహం చూసి చెప్పిన సంగతి 2011లో లోకానికి తెలిసింది. కింది పొగను రుతుపవనపు మబ్బులే పైకి ఎత్తి అటక మీద పెడుతున్నాయన్నమాట. అందులో ఏముందో చూడటానికి బెలూన్లు పంపారు. నాసా, ఇస్రో కలిసి 'బటాల్' పేరుతో చేసిన ఆ ప్రయోగాల్లో హైదరాబాద్, తిరుపతి దగ్గరి గాదంకి రెండూ ఉన్నాయి. హైదరాబాద్ బెలూన్లు పట్టిన నమూనాల్లో నైట్రేట్లు కనిపించాయి. వానకు దుమ్మంతా కడుక్కుపోతుందంటాం. కొంత పైకి పోతుంది.

వెయ్యిన్నొక్క కాదు, 1,024

తిరుపతి దగ్గర గాదంకిలో 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న నేల మీద 1,024 యాంటెన్నాలు వరుసగా నిలబడి ఆకాశం వైపు చూస్తుంటాయి. వానను పట్టే రాడార్లు నీటిచుక్కను చూస్తాయి. ఇది మబ్బు లేని ఖాళీ గాలిని కూడా చూడగలదు. గాలి సుళ్లలో తేమ, సాంద్రత అణుమాత్రం మారినా తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. 1990ల తొలినాళ్ల నుంచి పనిచేస్తున్న ఈ కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. అక్కడి రాళ్ల గుట్టల మధ్య రాత్రుళ్లు మేలుకుని లెక్కలు తీసిన స్కాలర్లు ఎందరో.

కోడింగ్ వచ్చా? ఫోర్ట్రాన్ వచ్చా?

సైబరాబాద్‌లో మూడేళ్ల నాటి సాఫ్ట్‌వేర్‌ను ముసలిదంటారు. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల్లో చాలావాటికి ఇప్పటికీ ఆధారం 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాష. స్కాలర్లు విరివిగా వాడే డబ్ల్యూఆర్ఎఫ్ నమూనా కూడా ఎక్కువ భాగం అందులోనే రాసి ఉంది. గీతలు, బొమ్మలు గీయడానికి మాత్రం పైథాన్.

కంప్యూటర్ లేని రోజుల్లో ఈ లెక్క చేతితో చేసిన మహానుభావుడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచయుద్ధంలో అంబులెన్స్ నడుపుతూ, తీరిక దొరికినప్పుడు ఆరు గంటల వాతావరణం లెక్కగట్టాడు. ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని వచ్చింది, ఎక్కడా జరగని పని! పద్ధతి మాత్రం సరైనదే. 1922లో పుస్తకం వేసి, 64,000 మంది మనుషులు ఒక హాల్లో కూర్చుని లెక్కలు చేస్తే వాతావరణంతో సమానంగా పరుగెత్తవచ్చని ఊహించాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే లెక్కలు చేసే మనిషే.

చందానగర్, మియాపూర్ ఒకే గడి

2024 సెప్టెంబరులో వాతావరణం లెక్కగట్టే పని కోసం దేశానికి రెండు సూపర్ కంప్యూటర్లు వచ్చాయి. పుణెలో 'అర్క', నోయిడాలో 'అరుణిక'. రెండూ సూర్యుడి పేర్లే. 2025 మే నెలలో ఆరు కిలోమీటర్ల గడులతో నడిచే 'భారత్ ఫోర్‌కాస్ట్' విధానం మొదలైంది. భూమినంతా ఆరు కిలోమీటర్ల గళ్ల చీరలా గీసి, ఒక్కో గడికి ఒక్కో లెక్క కట్టడమన్నమాట. అంత సన్నటి గడిలో కూడా చందానగర్, మియాపూర్ కలిసి పడిపోవచ్చు. మనకు తెలిసిన సంగతేమో, మియాపూర్‌లో కుండపోత పడుతుంటే చందానగర్‌లో బట్టలు ఆరుతుంటాయి. గడి లోపల జరిగే ఆ వింతను లెక్కలోకి ఎలా తేవాలన్నదే ఇప్పుడు చాలామంది స్కాలర్ల తలనొప్పి, వాళ్ల అన్నం కూడా.

వాల్తేరు నుంచి ఫ్లోరిడాకు

తుఫాను అంచనాల్లో ప్రపంచం పేరు చెప్పుకునే టి.ఎన్. కృష్ణమూర్తి ఎమ్మెస్సీ చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, 1950ల తొలినాళ్లలో. తర్వాత చికాగోలో పీహెచ్‌డీ, ఫ్లోరిడాలో అధ్యాపకత్వం. ఆయన 'సూపర్ ఎన్‌సెంబుల్' పద్ధతి మనకు బాగా తెలిసిన తెలివే. సంబంధం చూసేటప్పుడు పదిమందిని అడుగుతాం. ఇంతకుముందు ఎవరి మాట ఎంత నిజమైందో గుర్తు పెట్టుకుని, వాళ్ల మాటకు అంత విలువిస్తాం. ఆయన మనుషుల బదులు నమూనాలను అడిగారు.

పట్టా లేని శాస్త్రవేత్త

అన్నా మణి సి.వి. రామన్ ప్రయోగశాలలో వజ్రాల మీద, కెంపుల మీద పరిశోధన చేసి, 1945లో మద్రాసు విశ్వవిద్యాలయానికి పీహెచ్‌డీ కోసం థీసిస్ ఇచ్చారు. ఎమ్మెస్సీ లేదు కాబట్టి పట్టా కుదరదన్నారు. ఆమె ఇంగ్లండు వెళ్లి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో వాతావరణ శాఖలో చేరారు. సుమారు వంద పరికరాలకు నక్షాలు సిద్ధం చేయించి, దేశంలోనే తయారయ్యేలా చూశారు. స్కాలర్లు తమ పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడానికి వాడే లెక్కల వెనుక, ఆ మాట దక్కని మనిషి పని ఉంది.

ఇంతకీ దారెటు?

డిగ్రీలో ఫిజిక్స్, లెక్కలు ఉంటే చాలు. హెచ్‌సీయూలో సముద్ర, వాతావరణ శాస్త్రాల ఎమ్మెస్సీ ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానిది పాత పేరు. ఐఐటీ హైదరాబాద్‌లో వాతావరణ మార్పుల కోసమే ఒక విభాగం ఉంది. సీఎస్ఐఆర్ నెట్‌లో 'ఎర్త్, అట్మాస్ఫెరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్' అని ప్రత్యేకంగా పేపరే పెట్టారు. ఇంజనీరింగ్ వాళ్లకు గేట్ ఎక్స్ఈ పేపర్లో వాతావరణ, సముద్ర శాస్త్రాల భాగం ఉంది. పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు. ఇది 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు. హైటెక్ సిటీ జీతం పక్కన పెడితే చిన్నదే. చదువుకుంటూ తీసుకునేదని గుర్తుపెట్టుకోవాలి.

చివరగా ఒక డబ్బా

మూతికీ అడుగుకీ తేడా లేకుండా నిటారుగా ఉండే డబ్బా ఒకటి తీసుకుని డాబా మీద, గోడకూ ట్యాంకుకూ దూరంగా పెట్టండి. రోజూ ఉదయం 8.30కి స్కేలు ముంచి, ఎన్ని మిల్లీమీటర్లో రాసి, నీళ్లు పారబోయండి. డబ్బా పెద్దదైనా చిన్నదైనా కొలత ఒకటే. మూతి వెడల్పైతే నీళ్లు ఎక్కువ పడతాయి, పరుచుకునే చోటూ అంతే పెరుగుతుంది, లోతు మారదు. మియాపూర్‌లో ఉండే చుట్టాన్ని కూడా ఒక డబ్బా పెట్టమనండి. ఆరు కిలోమీటర్ల గడికి తెలియని సంగతి మీ ఇద్దరి పుస్తకాలకు తెలుస్తుంది.

కాస్త ఓపిక పట్టాలి, అంతే. ఇవాళ్టి వాన వాతావరణం. దాన్ని శీతోష్ణస్థితి అనాలంటే కనీసం ముప్పై ఏళ్ల సగటు కావాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. ఫ్లాటు లోను ఇరవై ఏళ్లలో తీరిపోతుంది. డాబా మీది పుస్తకానికి ఇంకో పదేళ్లు పడుతుంది.